ముప్పై మూడు వేల గొర్రెలు

1973 ఆగస్టులో ఒక సోమవారం పొద్దున శ్రీరంగప్ప బెంగుళూరు బస్సులో వచ్చి కళ్యాణదుర్గంలో దిగాడు. చేతిలో రెక్సిన్ బ్యాగు. అందులో రెండు జతల బట్టలు, ఒక ఫైలు. సైన్యం ఖర్చులను తనిఖీ చేసే ఆడిట్ ఆఫీసులో అతను పదమూడేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాడు. ఇన్నేళ్లలో ఫైలు పట్టుకుని సొంత జిల్లాకు రావడం ఇదే మొదటిసారి. అతనిది ధర్మవరం. తండ్రి పట్టుచీరలు నేసేవాడు. పదిహేనేళ్లు వచ్చేదాకా శ్రీరంగప్ప కూడా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడే.

ఫైలు కంబళ్లకు సంబంధించినది. 1971 డిసెంబరులో యుద్ధం మొదలైన మూడో రోజున, చలి ప్రాంతాల్లో ఉన్న జవాన్ల కోసం ఎక్కడ దొరికితే అక్కడ కంబళ్లు కొనమని పైనుంచి ఆర్డరు వచ్చింది. టెండర్లు అక్కర్లేదు, ధరల మీద బేరాలు అక్కర్లేదు, ముందు సరుకు చేరాలి అన్నారు. ఆ ఆర్డరు కింద కళ్యాణదుర్గం కాంట్రాక్టరు బసప్ప నాలుగు వేల రెండు వందల కంబళ్లు పంపాడు. అన్నీ దొడ్డిపల్లి కంబళి నేతగాళ్ల సొసైటీలో నేసినవేనని కాగితాలు చెప్పాయి. సొసైటీ ప్రెసిడెంటు హనుమంతరాయుడు సంతకం చేశాడు. అనంతపురం రైల్వే గూడ్స్ షెడ్డులో సరుకు చూసి తీసుకున్న అధికారి సంతకం చేశాడు. ఎక్కడా ఒక్క ఖాళీ లేదు.

అంతా అయిపోయాక పార్లమెంటు కమిటీ ఒకటి అడిగింది: యుద్ధం పేరుతో టెండరు లేకుండా కొన్నవాటిలో పదింటికి ఒకదాన్నయినా మనిషి వెళ్లి కళ్లతో చూశాడా అని. దానికి జవాబుగా తనిఖీకి తీసిన ఫైళ్లలో ఇది శ్రీరంగప్ప వంతుకు వచ్చింది.

ఫైలు చివర ఒక ఉత్తరం కుట్టి ఉంది. ఉత్తరాదిన కొండల్లో ఉన్న ఒక దళం నుంచి వచ్చింది. దొడ్డిపల్లి సొసైటీ కంబళ్లు మొదటిసారి ఉతకగానే పేలికలయ్యాయనీ, జవాన్లు రెండేసి గోనెసంచులు కప్పుకుని పడుకుంటున్నారనీ అందులో రాశారు. నమూనాగా జానెడు ముక్క కోసి జతపరిచారు. బెంగుళూరు ఆఫీసులోనే శ్రీరంగప్ప ఆ ముక్కలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించి చూశాడు. ఉన్ని కాలితే వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది. దీనికి పాత గుడ్డ కాలిన వాసన వచ్చింది. పక్క టేబులు గుమాస్తా ముక్కు మూసుకుని, "ఆడిట్ అంటే ఇదా?" అని నవ్వాడు.

బస్టాండు బయట బసప్ప అంబాసిడర్ కారుతో ఎదురుచూస్తున్నాడు. తెల్లటి పంచె, నుదుటిన విభూతి, యాభై దాటిన మనిషి.

"రాండి సార్. మీరొస్తాండారని పొద్దున్నించి ఈడే నిలబడుండా."

"నేను వస్తున్నట్టు మీకెవరు చెప్పారు?"

"బెంగుళూరులో మనోళ్లు లేరా సార్?" అని బసప్ప ఏమీ దాచకుండా నవ్వాడు. "మా ఇంట్లో స్నానం చేసి భోంచేయండి. సాయంత్రం దొడ్డిపల్లికి నేనే పిల్చుకోని పోతా. ప్రెసిడెంటును ఈడికే రమ్మంటే ఈడికే వస్తాడు."

శ్రీరంగప్ప బస్సులోనే పోతానన్నాడు. బసప్ప బలవంతపెట్టలేదు. అప్పటికే అందుకున్న బ్యాగు తిరిగి చేతికిస్తూ ఒక్క మాట మాత్రం అన్నాడు. "ఆ పొద్దు దేశం నెత్తిన బాంబులు పడతాండె. అట్లాంటి టైములో ఎవురన్నా ఒక్కొక్క పోగూ లెక్కపెడతారా సార్? ఇప్పుడు ఫ్యాను కింద కూచోని లెక్కపెట్టేది సులువు."

ఆ మాటలో కొంత నిజం ఉందని శ్రీరంగప్పకు అనిపించింది. దొడ్డిపల్లి దారి పొడుగునా అదే ఆలోచించాడు. నిజంగానే చలికి వణుకుతున్నవాడికి కంబళి ఈరోజే కావాలి. టెండరు పిలిచి మూడు నెలలు ఆగమంటే కుదరదు. అందుకే ఆ ఆర్డరు ఇచ్చారు. కానీ ఆ ఆర్డరు వల్ల చలిలో ఉన్నవాడికి చివరికి అందింది గోనెసంచి.

దొడ్డిపల్లి నూటయాభై గడపల ఊరు. గొర్రెలు కాసి కంబళ్లు నేసే కురుబలదే ఊరంతా. ఎర్రనేలలో వేరుశనగ మొలిచి జానెడు ఎత్తున ఆగిపోయి ఉంది. అంతకు ముందు ఏడు వచ్చిన కరువు ఇంకా ఊరి మొహం మీద కనిపిస్తోంది. దొడ్లు పెద్దవిగా ఉన్నాయి, వాటిలో గొర్రెలు మాత్రం పలచగా ఉన్నాయి. హనుమంతరాయుడి ఇంటి వసారాలోనే మగ్గం. అరవై అయిదేళ్ల మనిషి, ఎండిన కట్టెలాంటి ఒళ్లు. భార్య ఓబులమ్మ రాట్నం ముందు కూర్చుని నల్లటి ఉన్ని వడుకుతోంది.

శ్రీరంగప్ప ఎవరో చెప్పగానే హనుమంతరాయుడు లేచి చేతులు కట్టుకున్నాడు. అడక్కుండానే మొదలుపెట్టాడు. "నాలుగు వేల రెండు నూర్ల కంబళ్లు సార్. అన్నీ మా సొసైటీలోనే నేసినాము. సంతకం నాదే." బడిపిల్లవాడు పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు.

రాట్నం ఆగింది. ఓబులమ్మ తలెత్తి మొగుడి వంక చూసింది. తల దించుకుని మళ్లీ తిప్పింది.

శ్రీరంగప్ప ఫైలు తీయలేదు. చెప్పులు విడిచి మగ్గం పక్కన కూర్చుని పడుగు పోగులను వేలితో మీటి చూశాడు. "గంజి చింతగింజలదేనా?"

"అదే సార్. మీకెట్ల తెలుసు?"

"మాది ధర్మవరం. మా నాయన పట్టు నేసేటోడు. మా పడుగుకు ఇంత గంజి పట్టదు."

ఆ తర్వాత గంటసేపు ఇద్దరూ మగ్గం గురించే మాట్లాడుకున్నారు. కంబళి ఒకటి ఎన్నాళ్లు పడుతుందని అడిగితే, పడుగు సిద్ధంగా ఉంటే మగ్గం మీద రెండు రోజులన్నాడు హనుమంతరాయుడు. తిండి మానుకుని కూర్చుంటే ఒక్క రోజులో ముగించొచ్చన్నాడు. బరువు రెండు కిలోలు. ఒక గొర్రెకు ఒక కోతలో పావు కిలో ఉన్ని వస్తే మహా గొప్ప.

"అంటే కంబళికి ఎనిమిది గొర్లు," అన్నాడు శ్రీరంగప్ప.

"ఎనిమిది," అంది ఓబులమ్మ రాట్నం దగ్గర్నుంచి.

మర్నాడు శ్రీరంగప్ప మూడు మైళ్లు నడిచి పశువుల ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడి కాంపౌండరు బయ్యన్నకు, సైన్యం ఆడిట్ మనిషికి తనతో పనేమిటో చాలాసేపు అర్థం కాలేదు. 1971లో దొడ్డిపల్లి చుట్టుపక్కల ఎన్ని గొర్రెలు ఉండేవని అడిగితే, అలమారా పైనుంచి టీకాల రిజిస్టరు దించి దుమ్ము దులిపాడు.

"నవంబరులో టీకాలేసినాము సార్. దొడ్డిపల్లి, దాని చుట్టూ ఆరు పల్లెలు. నేనే ఒక్కొక్క గొర్రె చెవి పట్టుకోని ఏసినా. రెండు వేల ఎనిమిది నూర్ల అరవై."

"వేయనివి ఏమన్నా మిగిలాయా?"

"ఏదో రోగం వచ్చి దొడ్లకు దొడ్లే పడిపోతాండె. టీకా వద్దనేటోడు ఎవుడుంటాడు సార్?"

శ్రీరంగప్ప రిజిస్టరు పేజీకి నకలు రాసుకుని బయ్యన్న చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆసుపత్రి అరుగు మీద కూర్చుని లెక్క వేశాడు. ఏడు పల్లెల గొర్రెలన్నీ కలిస్తే మూడు వందల అరవైకి లోపే కంబళ్లు. పాత ఉన్ని నిలవ, సంతలో కొన్నది కలుపుకున్నా ఆరేడు వందలు దాటదు. నాలుగు వేల రెండు వందల కంబళ్లకు ముప్పై మూడు వేల ఆరు వందల గొర్రెలు కావాలి. అన్ని గొర్రెలు ఆ చుట్టుపక్కల మేస్తుంటే తాలూకాలో గడ్డిపోచ మిగలదు.

మధ్యాహ్నానికి దొడ్డిపల్లి తిరిగి వచ్చి ఆ కాగితం హనుమంతరాయుడి ముందు పెట్టాడు. చదివి వినిపించాడు.

"నువ్వు చెప్తావా, నేను చెప్పల్లా?" అంది ఓబులమ్మ.

అప్పుడు హనుమంతరాయుడు చెప్పాడు. ఆ డిసెంబరులో బసప్ప లారీతో ఊళ్లోకి వచ్చి, జవాన్లు మంచులో చస్తున్నారు, ఎన్ని కంబళ్లు నేస్తే అన్నీ కొంటానన్నాడు. ఊళ్లో ముప్పై రెండు మగ్గాలు. ఇరవై రోజులు ఎవరూ వేరే పని ముట్టుకోలేదు. ఆడవాళ్లు రాట్నాల దగ్గరే ముద్ద మింగారు. మగ్గానికి రోజుకొకటి చొప్పున ఆరు వందల నలభై నేశారు. నిలవ ఉన్ని అయిపోతే, పెళ్లికని దాచుకున్న ఉన్ని కూడా తీసి వడికారు. అనంతపురం గూడ్స్ షెడ్డు దాకా లారీ మీద కూర్చుని తనే వెళ్లాడు. అక్కడ అప్పటికే పెద్ద బేళ్లు కట్టి ఉన్నాయి.

"అవి యాడివని అడిగితే, పక్క తాలూకాల్లో మనోళ్లు నేసినవే అన్నాడు సార్. ఊరికొక కాగితం రాసేకి టైము లేదు, అన్నిటికీ నీ సొసైటీ పేరు మీదనే సంతకం పెట్టు అన్నాడు. ఆ మిలిటరీ ఆఫీసరూ ఆడనే కుర్చీలో కూచోనుండాడు. ఆయప్ప కూడా పెట్టు పెట్టు అన్నాడు. పెట్టినా."

"బేళ్లు విప్పి చూశారా?"

"లేదు సార్. ఆయప్పా విప్పలేదు, నేనూ విప్పలేదు."

"మరి నిన్న నాకెందుకు అట్లా చెప్పినారు?"

హనుమంతరాయుడు దొడ్డి వైపు చేయి చూపించాడు. "పోయినేడు కరువులో గడ్డి లేక ఊరంతా గొర్లను కసాయోళ్లకు తోలతాంటే, బసప్ప రెండు లారీల వరిగడ్డి తెప్పించినాడు. రూపాయి దుడ్లు అడగలా. ఇయ్యి బతికుండేది ఆ గడ్డి వల్లే. ఆ మనిషి మీద నేను సాక్ష్యం ఎట్ల చెప్పల్ల?"

శ్రీరంగప్పకు ఆ గడ్డి ఎక్కడి డబ్బుతో వచ్చిందో చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆకలితో ఉన్న గొర్రెలకు ఆ తేడా లేదు, వాటిని చూసుకునే మనిషికి కూడా ఆరోజు ఉండి ఉండదు. ఫైలు తెరిచి ఉత్తరం తీశాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మెల్లగా తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. "దొడ్డిపల్లి సొసైటీ కంబళ్లు మొదటిసారి ఉతకగానే..." దగ్గరికి వచ్చేసరికి ఓబులమ్మ లేచి వచ్చింది. జతపరిచిన ముక్కను అతని చేతిలోంచి లాక్కుంది. రెండు వేళ్ల మధ్య నలిపింది. పొట్టు పొట్టుగా రాలింది.

"ఇది కంబళా?" అంది. "దీనికి మన ఊరి పేరు పెట్టినారా?"

ఆ ముక్కను మొగుడి చేతిలో పెట్టింది. హనుమంతరాయుడు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. పక్క తాలూకా నేతగాళ్లు నేసిందే అయితే ఎంత తొందరపాటు నేతైనా అతను గుర్తుపట్టేవాడు. ఇది చేతి నేత కాదు. ఎక్కడో మిల్లులో చిరుగు గుడ్డలు చీల్చి, దూది పీచు కలిపి మర మీద నేసిన సరుకు. అతని మొహం మారిపోయింది.

"మా తాత కాలం నుంచీ మా కంబళి ఇద్దరు మనుషులు చెరోపక్క పట్టుకోని లాగినా చినిగింది లేదు సార్," అన్నాడు. "ఎవురి బిడ్డలో మన పేరు చెప్పి తిట్టుకోని ఉంటారు." ముక్కను పక్కన పెట్టి అడిగాడు. "నేను ఉన్నదున్నట్టు రాసిస్తే నాకు జైలా?"

"తెలియదు పెద్దాయనా. మీరు చేసింది తప్పు సంతకమే. మీకు లాభం రాలేదని, చూసి తీసుకోవాల్సింది ఆ ఆఫీసరని నేను రాస్తాను. నా మాట వింటారో లేదో చెప్పలేను. ఏమీ కాదని మాట ఇస్తే అది అబద్ధమవుతుంది."

"మీరు అట్లా అనేదే మంచిదాయ," అన్నాడు హనుమంతరాయుడు. "ఏమీ కాదు, పెట్టు అన్నోళ్ల మాట విని ఒకసారి పెట్టినా." మగ్గం పక్కన గంజి అంటిన చేతులు కడుక్కుని వచ్చాడు. శ్రీరంగప్ప అతను చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే రాశాడు, రెండుసార్లు చదివి వినిపించాడు. సంతకం పెట్టేముందు హనుమంతరాయుడు, "గడ్డి సంగతి కూడా రాయండి. ఆయప్ప చేసిన మంచి కూడా ఉండల్ల దాంట్లో," అన్నాడు. శ్రీరంగప్ప అదీ రాశాడు.

బెంగుళూరులో పై అధికారి ఏడు పేజీల నివేదికను తిరగేసి కళ్లజోడు తీశాడు. చెడ్డవాడు కాదు, రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి.

"సొసైటీ తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చింది, ఒప్పుకుంది కూడా. సొసైటీ మీద రాసి మూసేయండి. ఈ గొర్రెల గొడవ ఎందుకు? ఆడిట్ పేరాలో గొర్రెలేమిటండీ, నవ్విపోతారు."

"సొసైటీ మీద ఒక్కటే రాస్తే బసప్ప ఉండడు, విప్పి చూడని ఆఫీసరూ ఉండడు సార్. ఆయన రిజిస్టరులో తనిఖీ రెండు గంటలకు మొదలుపెట్టి అయిదింటికి ముగించినట్టు ఉంది. మూడు గంటల్లో నాలుగు వేల రెండు వందలు. నిమిషానికి ఇరవైమూడు కంబళ్లు విప్పి, చూసి, తూచి, మడిచారని మనం నమ్మాలి."

"యుద్ధం టైములో జరిగిందది."

"సరుకు అందిన తేదీ డిసెంబరు ఇరవై ఆరు సార్. యుద్ధం ఆగిపోయి అప్పటికి పది రోజులు. విప్పి చూడటానికి టైము ఉంది."

పై అధికారి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఇది పైకి పోతే మీ ప్రమోషన్ ఫైలు కూడా ఎవరో ఒకరు బయటికి తీస్తారు. తెలుసుగా?" అన్నాడు. తెలుసన్నాడు శ్రీరంగప్ప. ఆ మాట అన్నాడే గానీ, ఆ రాత్రి అన్నం సగంలో వదిలి లేచాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, అద్దె ఇల్లు. భార్య అడిగితే ఎండదెబ్బ అని చెప్పాడు.

నివేదిక పైకి పోయింది. ఒక్కో మెట్టు దగ్గర తగ్గుతూ పోయి, పార్లమెంటుకు ఇచ్చే ఆడిట్ నివేదికలో అచ్చయ్యేసరికి ఏడు పేజీలు పదకొండు వాక్యాలయ్యాయి. గడ్డి సంగతి పోయింది. ఓబులమ్మ మాటలు పోయాయి. గొర్రెల వాక్యం మాత్రం ఎలాగో మిగిలింది. 1975లో కమిటీ ముందు ఆ పేరా విచారణకు వచ్చినప్పుడు అధికారులు యుద్ధకాలపు అత్యవసరం గురించి పెద్ద సమాధానమే చదివారట. అంతా విన్నాక, పల్లెటూరి నుంచి వచ్చిన ఒక ముసలి సభ్యుడు ఒకే ప్రశ్న వేశాడట: "ఆ ముప్పై మూడు వేల గొర్రెలు ఎక్కడున్నాయి?" దానికి ఎవరి దగ్గరా కాగితం లేదు. ఢిల్లీలో పనిచేసే ఒక స్నేహితుడు ఉత్తరంలో రాస్తే శ్రీరంగప్పకు ఇది తెలిసింది.

ఫలితాలు మరో ఏడాదికి వచ్చాయి. బసప్పకు అయిదేళ్లు ప్రభుత్వ కాంట్రాక్టులు ఇవ్వకూడదన్నారు. సొమ్ములో మూడో వంతు వసూలైంది, మిగతాది కోర్టులో పడింది. సరుకు తీసుకున్న ఆఫీసరు అప్పటికే పింఛను పుచ్చుకుంటున్నాడు. అందులో కొంత కోశారు. దొడ్డిపల్లి సొసైటీని ఏడాదిపాటు నిలిపేశారు. హనుమంతరాయుణ్ణి ప్రెసిడెంటు పదవి నుంచి తీసేశారు. జైలు మాట ఎవరూ ఎత్తలేదు. అత్యవసరంగా కొన్నా సరే, నేసిన చోటికే మనిషి వెళ్లి తూచి తీసుకోవాలని కొత్త నిబంధన వచ్చింది. శ్రీరంగప్ప ప్రమోషన్ రెండేళ్లు ఆలస్యమైంది. కారణం ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

1977 చలికాలంలో చెల్లెలి కూతురి పెళ్లికి ధర్మవరం వచ్చినప్పుడు అతను ఒకరోజు ముందే బయలుదేరి దొడ్డిపల్లి వెళ్లాడు. ఆఫీసు పని ఏమీ లేదు. ఆ ఇంటికి వెళ్లి ఏమైందో తన నోటితో చెప్పాలని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాడు.

వసారా ముందు జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఒక కుర్ర ఇన్‌స్పెక్టరు తక్కెడ వేలాడదీసి కంబళ్లు తూస్తున్నాడు. సొసైటీకి నేరుగా సైన్యం డిపో నుంచి మూడు వందల కంబళ్ల ఆర్డరు వచ్చిందట, నడుమ కాంట్రాక్టరు లేడు. ఇన్‌స్పెక్టరు అప్పటికే పద్నాలుగు కంబళ్లు పక్కన పడేశాడు. ఓబులమ్మ అతనితో గట్టిగా పోట్లాడుతోంది.

"ఏం బరువు తక్కువప్పా? నీ తక్కెడ ఇట్ల వంకరగుండాది చూడు. మళ్లా తూయి."

ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూ మళ్లీ తూచాడు. అయిదు సరిపోయాయి. తొమ్మిది నిజంగానే తక్కువ. ఓబులమ్మ ఆ తొమ్మిదినీ ఒక్కొక్కటే విప్పి చూసింది. నేసిన మనిషిని పేరు పెట్టి పిలిచింది.

"రంగన్నా, ఉన్ని మిగిలించుకున్నావు కదరా? కళ్యాణదుర్గం సంతలో అమ్ముకో పో. ఈళ్లకు వద్దు."

హనుమంతరాయుడు కొంచెం ఎడంగా, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చూపు మందగించింది. దగ్గరికి వెళ్లి శ్రీరంగప్ప తన పేరు చెబితే గుర్తుపట్టి చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. శ్రీరంగప్ప జరిగిందంతా చెప్పాడు: పదకొండు వాక్యాలు, కమిటీ, ఆ ముసలి సభ్యుడి ప్రశ్న. తనవల్ల ప్రెసిడెంటు పదవి పోయినందుకు బాధగా ఉందన్నాడు.

"పోతే పోనీలేప్పా," అన్నాడు హనుమంతరాయుడు. "బసప్ప గుడి దగ్గర కనపడితే ఇప్పుడు మొహం తిప్పుకోని పోతాడు. అది కొంచెం కష్టంగా ఉండాది." మళ్లీ తనే అడిగాడు. "ఆ పేలికలు కప్పుకున్న పిల్లోళ్లకు మళ్లా మంచి కంబళ్లు ఇచ్చినారా?"

శ్రీరంగప్పకు తెలియదు. ఫైల్లో ఎక్కడా ఆ విషయం లేదు, తనూ ఎప్పుడూ అడగలేదు. ఆ మాటే చెప్పాడు. ముసలాయన తల ఊపాడు.

తూకం ముగిసింది. ఇన్‌స్పెక్టరు కాగితం చాపితే కొత్త ప్రెసిడెంటు రామాంజులు పెన్ను తీశాడు. "ఆగు," అంది ఓబులమ్మ. "రెండు నూర్ల తొంభైయొకటి అని రాసినారా, మూడు నూర్లనా? చదివి చెప్పు ముందు." రామాంజులు గట్టిగా చదివాడు. రెండు వందల తొంభై ఒకటే. ఆమె సరేనన్నాక సంతకం పెట్టాడు.